వచ్చిపోయే దీపాలు

నన్ను ఒక్క మాటైనా అడక్కముందే నా కారు చచ్చిపోయిందని కాగితం మీద రాసేశారు. పైన "మెయిన్ బ్యాటరీ పోయింది, కొత్తది వేయాలి" అని, కింద నా సంతకానికి ఒక గీత, గీత మొదట్లో పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు, సంతకం ఎక్కడ పెట్టాలో కూడా తెలియని మనిషినన్నట్టు. అట్టకి క్లిప్పు, క్లిప్పుకి తాడు, తాడు చివర పెన్ను; పెన్ను ఎత్తుకుపోతామని వాళ్ల భయం, కారు ఎత్తుకుపోతారని నా భయం. కాగితం తెచ్చిచ్చిన మేనేజరు మెడలో నీలం టై, టై మీద తెల్లగా ఏదో మరక, నేను మనసులో అప్పుడే అతనికి టై అని పేరు పెట్టేశాను. "పన్నెండు దాకా టైముంది ఆంటీ, కంగారేం లేదు. పన్నెండు దాటితే ఇవాళ ఆర్డరు వెళ్లదు. బ్యాటరీ వేయించడం భారం అనుకుంటే మా పాతకార్ల ఆయన పన్నెండింటికి వస్తున్నాడు, ఉన్నదున్నట్టు తీసేసుకుంటాడు. మీ అబ్బాయిగారితో మాట్లాడాను, ఆయన సరే అన్నారు." మా అబ్బాయితో మాట్లాడాడట. కారు నాది, కాగితాలు నా పేరు మీద, నడిపేది నేను, రోగం చెప్పేది మాత్రం మా అబ్బాయికి. గోడ మీద గడియారం పదకొండు దాటి నాలుగు నిమిషాలు. అంటే యాభై ఆరు నిమిషాలు. చూద్దాం. ఇష్టం లేని చోట నా చేత సంతకం పెట్టించగలిగిన మొనగాడు మా ఆఫీసులోనే ఇరవైతొమ్మిదేళ్లలో ఒక్కడూ పుట్టలేదు, ఈ షెడ్డులో పుడతాడా.

"ఏమన్నాడు?" అన్నారు పక్క కుర్చీలోంచి మా ఆయన. "కారు పోయిందన్నాడు." "ఎక్కడికి, మనకి చెప్పకుండా?" అని ఆయనే నవ్వుకున్నారు, నల్లకళ్లద్దాలు, మోకాళ్ల మధ్య చేతికర్ర, కర్ర మీద రెండు చేతులు, స్టీరింగు పట్టుకున్నట్టే పట్టుకుంటారు ఇప్పటికీ. ముప్ఫై రెండేళ్లు బస్సు నడిపిన మనిషి. నీటికాసులు ఆయన చూపుని అంచుల నుంచి కొరుక్కుంటూ వచ్చి, మధ్యలో నాణెమంత మిగిల్చి, చివరికి ఆ నాణెం కూడా జేబులో వేసుకుపోయాయి. కారు కొన్న కొత్తలో ముందు సీట్లో కూర్చునేవారు. కూర్చుంటే ఊరుకోవాలి కదా, లేని బ్రేకుని కుడికాలితో తొక్కేవారు, "బ్రేకు! బ్రేకు తొక్కవే!" అని చూపున్న నా మీద చూపులేని ఆయన కేకలు. ఎదురుగా ఏదో ఉందని మీకెలా తెలిసిందండీ అంటే, నీ ఊపిరి ఆగిందిగా అన్నారు. మూడో రోజుకి వెనక సీటుకి తోలేశాను. అక్కడి నుంచే రోజూ పొద్దున ఆరున్నరకి ఆయన పాత రూటంతా తిరుగుతాం, ఇరవైరెండు స్టాపులు, ఒక్కో స్టాపు దగ్గర నేను నెమ్మది చేయాలి, ఆయన కిటికీ దించి స్టాపు పేరు పిలవాలి, ఎవరూ ఎక్కకపోయినా "జరగండి, లోపలికి జరగండి" అనాలి. డ్రైవరుగా ఉన్నన్నాళ్లూ కండక్టర్ల మీద చిరాకుపడిన మనిషి ఇప్పుడు తనే కండక్టరయ్యాడు. అబ్బాయి మాట విని ఒకసారి క్యాబ్ పిలిచాం, ఐదో స్టాపు దగ్గర డ్రైవరు అద్దంలోంచి చూసి, ఇంతకీ దిగేదెక్కడో చెప్పండి సార్ అన్నాడు. ఆయన కిటికీ ఎక్కించేశారు. ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం పెట్టేదాకానే కాదు, తిన్నాక కూడా మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. బ్యాటరీ కొంటే ఇంకో చిన్న కారు కొన్నంత, అది మా వల్ల కాదు. కారు ఇచ్చేస్తే ఆ మాట్లాడని రోజులే ఇక అన్ని రోజులూ. కాబట్టి రెండూ కుదరవు. మూడోది ఒకటుండాలి.

గాజుగోడ అవతల నా కారు. వెనక సీటు ఊడదీసి నేలమీద పెట్టారు, మా ఆయన కూర్చునే సీటు, ఆయన వాలే చోట నూనె మరకతో సహా పరాయి మనుషుల కాళ్ల మధ్య, చూస్తుంటే ఇంట్లో మంచం వీధిలో వేసినట్టుంది. సీటు గూట్లో వెండిరంగు పెట్టె, అదే పెద్ద బ్యాటరీ, పెట్రోలూ కరెంటూ కలిసి నడిపే కారుకి అదే గుండెకాయ అని కొన్నప్పుడు చెప్పారు. దాని ముందు పెద్ద మెకానిక్ మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు, తల నెరిసిన మనిషి, చొక్కా జేబు మీద పేరు బదులు నూనె. ఊరికే కూర్చుని ఉన్నాడు. పనిచేయడం లేదు, చూస్తున్నాడు. వెనక ఎవరో కారు వెనక్కి తీస్తూ హారన్ కొట్టారు, గాజు ఇవతల ఉన్న నేనే ఉలిక్కిపడ్డాను, ఆయన కదల్లేదు. ఏమిటంత ధ్యానం. చచ్చిపోయిన బ్యాటరీని ఎవరైనా అంతసేపు చూస్తారా, చచ్చిపోతే విప్పి బయట పెడతారు. ఏదో ఉంది.

సంచిలోంచి నోటుబుక్కు తీశాను. ఇరవైమూడు రోజులు, పదకొండుసార్లు. మొదటిసారి బడి ముందు స్పీడుబ్రేకరు మీద, ముందున్న పలక మీద పసుపు దీపం, పక్కన ఎర్ర దీపం, ఆ పక్కన ఇంకోటి, పెళ్లింటి లైట్లలా బారుగా వెలిగాయి. ఆపి, తాళం తీసి, నూరు లెక్కపెట్టి మళ్లీ వేస్తే ఏమీ లేదు, అమాయకంగా మొహం పెట్టుకుని నడిచింది. రెండోసారి మిల్లు వెనక గుంతల రోడ్డు. నాలుగోసారి రైలుగేటు. పట్టాలు దాటగానే దీపాలు, భయంతో పక్కకి తీసి ఆపేశాను, మళ్లీ స్టార్టు చేస్తే కదలదు, వెనక లారీ హారన్, మా ఆయన వెనక నుంచి "నువ్వు కంగారుపడకు, వాడు కొడతాడులే, వాడి పనే అది" అంటున్నారు, నాలుగో ప్రయత్నానికి కదిలింది. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పొద్దండీ అన్నాను, ఆ సాయంత్రమే కొడుకుతో ఫోన్లో గొప్పగా చెప్పేశారు, రైలుగేటు దగ్గర మీ అమ్మ ఎంత ధైర్యంగా ఉందో తెలుసా అని. అంతే. "అమ్మా, బ్యాటరీ మార్పించు, లేదా అమ్మెయ్. ఈ కారులో నాన్నని ఇంక ఎక్కించొద్దు." వాడి తప్పేం లేదు. నేనైనా మా అమ్మకి అదే చెప్పేదాన్ని. అయినా వినను.

చవకైనవి ముందు చూడాలి, ఇది నాకెవరూ నేర్పక్కర్లేదు. పెట్రోలు మూత సరిగ్గా బిగించకపోయినా దీపం వెలుగుతుందట, బిగించాను, మర్నాడు మళ్లీ వెలిగింది. లైట్లకీ తాళాలకీ ఇంకో చిన్న బ్యాటరీ ఉంటుంది, అది నీరసిస్తే పెద్దదానికి జబ్బు చేసినట్టు దీపాలు వేస్తుందట, రోడ్డు పక్క బ్యాటరీల కొట్టుకి తీసుకెళ్లి పరీక్ష చేయించాను, ఇంకా రెండేళ్లు ఢోకా లేదమ్మా అన్నాడు, దాని తీగలు కూడా గట్టిగా బిగించి పంపాడు. గాలి పీల్చే జాలీలో దుమ్ము చేరితే పెద్ద బ్యాటరీ వేడెక్కుతుందట, పాత పళ్లకుంచె పెట్టి తోమాను, దుమ్ము వచ్చింది, జబ్బు పోలేదు. అప్పుడు బుక్కు తెరిచి ఎదురు ప్రశ్న వేసుకున్నాను, ఎప్పుడు వెలిగిందని కాదు, ఎప్పుడు వెలగలేదని. పెద్ద వంతెన ఎక్కేటప్పుడు ఒక్కసారీ వెలగలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఏసీ వేసి, మా ఆయన, ఆడపడుచు, ఆవిడ బియ్యం బస్తా, అందరితో ఆ వంతెన ఎక్కాను. బ్యాటరీ నిజంగా చస్తుంటే చచ్చేది అక్కడ. అక్కడ గుర్రంలా ఎక్కింది. మరి గుంతలో ఏముంది. "గుంతలో పడ్డప్పుడల్లా నా కింద టిక్ మంటోందే" అన్నారు మా ఆయన, దీపాలు తొమ్మిదోసారి వెలిగిన రోజున. ముందెందుకు చెప్పలేదండీ అంటే, నువ్వు నన్ను మాట్లాడొద్దనేగా వెనక కూర్చోబెట్టావ్ అన్నారు.

టిక్. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇరవైతొమ్మిదేళ్లు నా పని ఇదే, చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని జబ్బుపడ్డ లైన్లు వినడం. పూర్తిగా తెగిన లైను మంచిది, అది నిజం చెబుతుంది. వచ్చిపోయే లైనే దొంగ. వాన పడితే పోతుంది, ఎండ వస్తే వస్తుంది, మనిషి వెళ్లి చూసేసరికి నిక్షేపంగా మోగుతుంది. పైవాళ్లు ఎప్పుడూ ఒకటే అనేవారు, కేబులు పోయింది, వీధంతా తవ్వి కొత్తది వేయండి. నేను ఎప్పుడూ ఒకటే అనేదాన్ని, కేబులు వచ్చి పోదు సార్, పోతే పోతుంది, వచ్చిపోయేది అతుకు, ఎవరో ఒకరు చేత్తో కలిపిన చోటు. ఒకసారి ఒక డాక్టరుగారి ఇంటి లైను అలాగే పోతూ వస్తూ, పోతూ వస్తూ. నేను విని, దూరం లెక్కకట్టి, ఫలానా గుంటలో ఫలానా అతుకు అని తేల్చాను, తేల్చాక రిజిస్టరు తీసి చూస్తే ఆ అతుకు వేసిన చేయి నాదే. గుంటల్లో దిగి తీగలు కలిపే పని నేర్చుకునే రోజుల్లో వేసిందే. పదకొండు రోజులు నోరు మూసుకున్నాను. ఆ పదకొండు రోజులూ నాతో పనిచేసే లైన్‌మన్ ఒకాయన తిట్లు తిన్నాడు, కేబుల్ని గునపంతో పొడిచింది నువ్వేనని. పన్నెండో రోజు వెళ్లి చెప్పాను. చెప్పినందుకు పడ్డ చివాట్లు గుర్తులేవు, ఆ పదకొండు రోజులూ నేను ఆ గుంట పక్క నుంచి ఎలా నడిచేదాన్నో గుర్తుంది. అటే చూసేదాన్ని. చూడకూడదనుకుంటూనే, అటే. ఇప్పుడు ఆ గాజు అవతల మనిషి చూస్తున్నట్టు.

పదకొండూ ముప్ఫై ఐదు. టై మళ్లీ వచ్చాడు. "ఆంటీ, ఏమనుకున్నారు?" "ఏమనుకోలేదు బాబూ. నాకు కంప్యూటరు ఏం చెప్పిందో ప్రింటు కావాలి." "అది కస్టమర్లకి ఇవ్వం ఆంటీ." "పోనీ బ్యాటరీలో ఎన్నో గది పోయిందో చెప్పు." "అంటే... మొత్తం ప్యాకు మీదే ఎర్రర్ ఉంది." "గది పోయిందా, దానికి కలిపే తీగ మీద ఎర్రరా?" టై మెడ దగ్గర టై సర్దుకున్నాడు. "ఇవన్నీ టెక్నికల్ ఆంటీ, మీకు అర్థం కావు." పక్కనుంచి మా ఆయన నిదానంగా అన్నారు, "బాబూ, ఆవిడకి అర్థం కానిది నేనొక్కడినే. మిగతావన్నీ అర్థమవుతాయి." రిసెప్షన్ అమ్మాయి ఫక్కున నవ్వి ఫైల్లో మొహం దాచుకుంది. టై వెళ్లిపోయాడు, కోపంగా, ఇంకా ఇరవైఐదు నిమిషాలుందన్న ధైర్యంతో.

నోటుబుక్కు మొదటి పేజీ. మొదటిసారి దీపాలు వెలిగిన రోజు. అంతకుముందు ఏం జరిగింది, లైను విషయంలో అయితే మొదట అడిగే ప్రశ్న అదే, ఇక్కడ ఎవరైనా తవ్వారా, ఎవరైనా చేయి పెట్టారా. నేనూ మరీ మొద్దునే. కారు అద్దం ముందు పెట్టెలో ఇన్నాళ్లూ పడున్న పాత సర్వీసు బిల్లు పొద్దున తాళం ఇచ్చేటప్పుడు తీసి సంచిలో పడేశాను, ఇప్పుడు విప్పాను. తేదీ చూశాను. మొదటి దీపానికి నాలుగు రోజుల ముందు. ఇదే షెడ్డు. ఆయిలు, ఫిల్టరు, చక్రాలు, చివర చిన్న అక్షరాల్లో, బ్యాటరీ ఫ్యాను శుభ్రం. ఫ్యాను ఎక్కడుంటుంది, బ్యాటరీ పక్కన. బ్యాటరీ ఎక్కడుంటుంది, మా ఆయన కింద. అంటే అప్పుడు కూడా ఆ సీటు లేచింది. అంటే ఆ గూట్లో ఎవరిదో చేయి పడింది. చేత్తో కలిపిన చోటు. వచ్చిపోయేది ఎప్పుడూ అదే, దేశంలో ఎన్ని రకాల యంత్రాలు వచ్చినా అదే. బిల్లు కింద పని చేసినవారి సంతకం, వంకరగా, నెమ్మదిగా రాసిన సంతకం. తలెత్తాను. పెద్ద మెకానిక్ సరిగ్గా అప్పుడే గాజులోంచి నన్ను చూస్తున్నాడు, కళ్లలోకి కాదు, ఇంకాస్త కిందికి, నోటి వైపు, మనిషి కళ్లలోకి చూడలేకపోతే చూపు అక్కడే ఆగుతుందని నాకు తెలుసు, పదకొండు రోజులు నేనూ అలాగే చూశాను.

తలుపు మీద "కస్టమర్లు లోపలికి రాకూడదు" అని ఉంది. మా ఆయన చేతికి అట్ట ఇచ్చాను. "ఇది పట్టుకోండి. ఎవరడిగినా ఇవ్వకండి." "సంతకం పెట్టెయ్యనా?" "మీ సంతకం మీ బ్యాంకువాళ్లకే అర్థం కాదు, ఊరుకోండి." తలుపు తోశాను. గ్రీజు వాసన, గాలి కొట్టే యంత్రం రొద, ఎవడో చక్రం బిగిస్తుంటే పళ్లు కదిలిపోయే చప్పుడు. "మేడమ్, మేడమ్, అటు వెళ్లకూడదు!" రిసెప్షన్ అమ్మాయి వెనక నుంచి, టై ఎక్కడి నుంచో, "ఆంటీ!" ఆంటీ ఆగదు. ఆంటీకి మోకాళ్ల నొప్పులు, అయినా ఆగదు. ఊళ్లో సగం వీధుల కింద గుంటల్లోకి చీర కుచ్చెళ్లు దోపి దిగినదాన్ని, ఈ పసుపు గీత దాటలేనా. వీళ్లు గీతలు గీసేది మనం చూడకుండా ఉండడానికి, చూస్తే ఏమవుతుంది, మహా అయితే నిజం కనపడుతుంది. కారు దగ్గరికి వచ్చేశాను. వెండిపెట్టె, దాని పక్కన నల్లగా ఫ్యాను, పెట్టె మీద నారింజరంగు పిడి ఒకటి, అరచేయంత. ఆ పిడి వైపే చూస్తూ పెద్ద మెకానిక్‌ని అడిగాను, "ఫ్యాను శుభ్రం చేసినప్పుడు ఏం తీశారు? తీసింది మళ్లీ పూర్తిగా కూర్చుందా?" జవాబు లేదు. మళ్లీ అడిగాను, గట్టిగా. ఆయన లేచి నిలబడి, నా ముందుకి వచ్చి, "కాస్త ఇటు తిరిగి చెప్పండమ్మా" అన్నాడు. తిరిగాను. తిరిగి, అడగాలనుకున్నది కాకుండా నాదే చెప్పాను, ఒక డాక్టరుగారి లైను, నా చేతి అతుకు, పదకొండు రోజులు, తిట్లు తిన్న లైన్‌మన్. నా పెదాల మీద నుంచి ఆయన కళ్లు కదల్లేదు. నేను ఆపాక చేతి గుడ్డతో మొహం తుడుచుకున్నాడు, గుడ్డలో నూనె మొహానికి అంటింది, చూసుకోలేదు. వెనక టై వచ్చి నిలబడ్డాడు. నేను జరగలేదు. మెకానిక్ మొదలుపెట్టాడు.

"నేనేనమ్మా. బ్యాటరీకి ఏం కాలేదు, దానికి ఇంకా అయిదారేళ్ల బతుకుంది. ఆ నారింజ పిడి తీస్తేనే కరెంటు ఆగుతుంది, అప్పుడే ఫ్యాను మీద చేయి వేయాలి. తీసింది నేనే, పెట్టింది నేనే. పెట్టేటప్పుడు లోపలికి నొక్కాలి, పైకి మడవాలి, ఆఖర్న కిందికి తోయాలి, ఆ మూడో తోపుకి టిక్ మనాలి. మందం రబ్బరు గ్లౌజులు వేసుకుంటాం కదా, వేళ్లకి ఏం తెలీదు, ఆ టిక్ చెవితోనే వినాలి. నాకు వినపడదమ్మా. ఎడమ చెవి పోయి నాలుగేళ్లు, కుడిది కిందటేడు నుంచి. ఈ రొదలోనే పోయాయి. ఇక్కడ ఎవరికీ తెలీదు, నోళ్లు చూసి నెట్టుకొస్తున్నాను. మీ కారుకి టిక్ అందనుకుని వదిలేశాను. ఇవాళ సీటు ఎత్తగానే చూశాను, పిడి సగంలో ఉంది, గుంత వస్తే ఊడుతోంది, మళ్లీ తగులుతోంది. ఒక్క తోపు తోస్తే అయిపోయేది. తోస్తే, ఇన్నాళ్లూ ఎందుకలా ఉందని అడుగుతారు. ఈయన వచ్చి బ్యాటరీయేనా అన్నాడు, నోరు చూసి తలూపేశాను. చెవిటివాణ్ణని చెప్పడం కంటే మీ బ్యాటరీ చచ్చిందని చెప్పడం తేలికైంది నాకు. ఇంకా ఎన్ని కార్లు ఇలా సగంలో వదిలానో నాకే తెలీదు, అవన్నీ పిలిపించాలి, కిందటేడు నుంచి నేను చేయి పెట్టినవన్నీ. రండి సార్, వెనక ఎందుకు, ముందుకొచ్చి నిలబడండి. తిట్టాలనుకుంటే నా మొహం మీదే తిట్టండి, ప్రతి మాటా చూస్తాను. కానీ ముందు ఈ అమ్మ చేతికి తాళం ఇచ్చెయ్యండి."